జెండా పట్టినవాళ్లు, ఈటె పట్టినవాళ్లు

విప్లవాల వెనుక వర్గాలు – 7

1795 ఫిబ్రవరిలో స్పెయిన్ ప్రభుత్వం తన అమెరికా వలసల కోసం ఒక ధరల పట్టిక విడుదల చేసింది. రాజుగారు దయతలచి ఇచ్చే మినహాయింపుల జాబితా అది. దేనికి ఎంత కట్టాలో పక్కనే అంకెలున్నాయి. అందులో రెండు పద్దులు కరాకస్ పట్టణంలో చిచ్చు పెట్టాయి. ‘పార్దో’గా, అంటే తెల్ల, నల్ల రక్తాలు కలిసిన ఇంట్లో పుట్టినవాడు ఆ ముద్ర చెరిపేయించుకోవాలంటే 500 రియాళ్లు. నల్ల రక్తం ఏ ముత్తవ్వ దగ్గరో ఆగిపోయిన ‘క్వింతెరోన్’కు 800. తెలుపుకు దగ్గరయ్యే కొద్దీ ధర పెరిగింది. డబ్బు కట్టి రాజముద్ర పడిన కాగితం తెచ్చుకుంటే కొడుకును విశ్వవిద్యాలయంలో చేర్చవచ్చు, చర్చిలో ఫాదర్ని చేయవచ్చు, సర్కారు కొలువులో కూర్చోబెట్టవచ్చు.

కరాకస్ పెద్దలు భగ్గుమన్నారు. మరుసటి ఏడాది పట్టణ సభ రాజుకు పెద్ద అర్జీ రాసింది. పార్దోలను తమ పక్కన కూర్చోబెడితే తాము తలెత్తుకుని తిరగలేమని, ఈ ఉత్తర్వు అమలైతే దేశం సర్వనాశనమవుతుందని మొరపెట్టుకుంది. దియేగో మెహియాస్ బెహరానో అనే పార్దో వైద్యుడు పట్టు వదలకుండా తిరిగి ఆ కాగితం సంపాదించాడు. ఆయన కొడుకును చేర్చుకోవడానికి కరాకస్ విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు.

ఆ అర్జీ పెట్టిన పెద్దలూ వాళ్ల కొడుకులే పద్నాలుగేళ్లకు స్వాతంత్ర్యం కావాలని లేచారు. గత భాగంలో హైతీ చూశాం. అక్కడ బానిసలే యుద్ధం చేశారు, బానిసలే రాజ్యం పెట్టారు. వెనెజువెలాలో దారి వేరు. అక్కడ యజమానులు జెండా ఎత్తారు. ఆ జెండా వెనుక నడవడానికి జనం రాలేదు సరికదా, మొదటి అయిదేళ్లు దాన్ని చింపి పోగులు పెట్టారు. దక్షిణ అమెరికా విముక్తి అనగానే బొలీవార్ గుర్రం ఎక్కి వచ్చేస్తాడు మన పుస్తకాల్లో. ఈ అయిదేళ్లు ఎక్కడా కనబడవు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఆ అయిదేళ్లే.

అప్పటి వెనెజువెలా జనాభా దాదాపు 8 లక్షలు. 1799–1800లో ఆ దేశం తిరిగి చూసిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ అంచనాలో బానిసలు సుమారు 62 వేలు. స్పెయిన్‌లో పుట్టి వచ్చిన తెల్లవాళ్లు 12 వేలు మాత్రమే. జనంలో సగానికి సగం పార్దోలు: చేతిపనివాళ్లు, చిల్లర వ్యాపారులు, కూలీలు, పశువుల కాపరులు. పైన వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కుటుంబాలు కొన్ని, వాళ్లే మంతువానోలు. తరాల కిందట వచ్చి అక్కడే పాతుకుపోయిన తెల్ల భూస్వాములు వాళ్లు. సముద్రతీర లోయల్లో కోకో తోటలు వాళ్లవి, ఆ తోటల్లో పనిచేసే బానిసలూ వాళ్ల సొత్తే. సిమోన్ బొలీవార్ పుట్టింది అలాంటి ఇంట్లోనే. తోటలు, గనులు, పట్టణంలో పెద్ద మేడ. ఆయనకు పాలిచ్చి పెంచిన హిపోలిటా ఆ కుటుంబానికి బానిస.

మంతువానోలకు స్పెయిన్ మీద కోపం ఉంది. కోకో ఎవరికి అమ్మాలో, ఏ ఓడ మీద పంపాలో స్పెయిన్ చెబుతుంది. పెద్ద ఉద్యోగాలన్నీ అక్కడినుంచి వచ్చినవాళ్లకే. కానీ ఆ కోపానికి మించిన భయం కూడా ఉంది, అది కింది జనమంటే భయం. ఆ భయానికి తోడు మిడిసిపాటు. 1769లో సెబాస్తియాన్ మిరాండా అనే బట్టల వర్తకుణ్ణి ప్రభుత్వం తెల్లవాళ్ల మిలిషియా దళానికి కెప్టెన్‌ను చేసింది. ఆయన తెల్లవాడే, కానీ కెనరీ దీవుల నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్నవాడు. నిన్నటిదాకా గజాలు కొలిచినవాడు మాలాగే యూనిఫారం తొడిగి, చేత బెత్తం పట్టి వీధిలో తిరగడమా అని మంతువానోలు పెద్ద గొడవ చేశారు. చివరికి రాజే కలగజేసుకుని మిరాండా పక్షాన తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఈ అవమానమంతా చూసిన కొడుకు ఫ్రాన్సిస్కో 1771లో ఊరు విడిచాడు. 1806లో కొద్దిపాటి సైన్యంతో విముక్తి జెండా పట్టుకుని కోరో తీరంలో దిగినవాడు ఆయనే. ఆయన దిగేసరికి జనం ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మంతువానోలు ఆయన మీద యుద్ధానికి చందాలు ఇచ్చారు.

అదే కోరో ప్రాంతంలో 1795 మేలో బానిసలు, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు కలిసి తిరగబడ్డారు. నాయకుడు హోసే లియోనార్దో చిరినో. తండ్రి బానిస, తల్లి ఆదివాసి. యజమాని వెంట ఓడల మీద తిరుగుతూ హైతీ సంగతులు చెవిన వేసుకున్నవాడు. బానిసత్వం పోవాలి, అమ్మకపు పన్నులు పోవాలి, ఇవీ వాళ్ల కోరికలు. కొద్ది రోజుల్లోనే అణిచేశారు. 1796 డిసెంబరులో చిరినోను కరాకస్ నడిబొడ్డున ఉరితీసి, తల నరికి, దారిన పోయేవాళ్లకు కనబడేలా వేలాడదీశారు.

1808లో నెపోలియన్ స్పెయిన్ రాజును బందీ చేశాడు. పైన రాజే లేనప్పుడు కింద పెత్తనం ఎవరిది? పవిత్ర గురువారం నాడు, 1810 ఏప్రిల్ 19న, కరాకస్ పట్టణ సభ గవర్నరును దింపేసి అధికారం తన చేతిలోకి తీసుకుంది. 1811 జూలై 5న వెనెజువెలా కాంగ్రెస్ స్వాతంత్ర్యం ప్రకటించింది. ఆ డిసెంబరులో వచ్చిన రాజ్యాంగం కాగితం మీద రంగు భేదాలు రద్దు చేసింది. ఓటు మాత్రం ఆస్తి ఉన్నవాడికే. బానిసల దిగుమతి నిషేధించారు. ఉన్న బానిసలను వదిలే ఊసే లేదు. పైగా పారిపోయినవాళ్లను వెతికి పట్టుకోవడానికి, తోటల్లో పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి ఒక రక్షక దళం పెట్టారు.

అంతకంటే పెద్ద తప్పు దక్షిణాన జరిగింది. కొండలు దిగితే ఓరినోకో నది దాకా వందల మైళ్లు గడ్డి మైదానాలు. వాటిని యానోస్ అంటారు. అక్కడి మనుషులు యానెరోలు. ఎక్కువమంది పార్దోలు, వాళ్లలో కలిసిపోయిన పారిపోయిన బానిసలు, ఆదివాసులు. జీను లేని గుర్రం మీద పుట్టి పెరిగినట్టు ఉంటారు. వానాకాలం ఆ నేల సగం నీళ్లలో మునుగుతుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. ఆ నేల మీద మంద మందలుగా యజమాని ముద్ర లేని పశువులు తిరుగుతాయి. వాటిని వేటాడి మాంసం తిని, తోళ్లు అమ్ముకోవడం తాతల నాటి బతుకు. కొత్త రిపబ్లిక్ 1811లో యానోస్‌కు ఒక చట్టం చేసింది. మైదానమంతా ఆసాముల సొంత ఆస్తిగా లెక్క. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా పశువును పడితే శిక్ష. పనిలో ఉన్నట్టు కాగితం చూపించలేనివాడు దేశదిమ్మరి, జైలుకు పోవాలి. స్పెయిన్ రాజు మూడు వందల ఏళ్లలో అంత గట్టిగా చేయని పని స్వాతంత్ర్యం మొదటి ఏడాదే చేసింది. యానెరో స్థానంలో నిలబడి చూస్తే, కరాకస్‌లో మారింది జెండానే. నోటి దగ్గర కూడు లాక్కునేవాడు ఈసారి దగ్గరి ఊరివాడు, అంతే తేడా.

ఫలితం త్వరగానే తెలిసింది. 1812 మార్చి 26న భూకంపం వచ్చింది. కరాకస్‌లో దాదాపు 10 వేల మంది శిథిలాల కింద పోయారని అంచనా. ఆ రోజు కూడా పవిత్ర గురువారమే. రాజుపై తిరగబడిన పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇదని రాజు పక్షపు ఫాదర్లు వీధుల్లో నిలబడి చెప్పారు. మోంతెవెర్దే అనే స్పెయిన్ నౌకాదళ అధికారి చిన్న దళంతో బయలుదేరితే, దారి పొడవునా జనం వచ్చి చేరారు. జూన్‌లో తీరాన కురియేపే ప్రాంతపు బానిసలు రాజు పేరు చెప్పి యజమానుల మీద లేచారు. రిపబ్లిక్ సేనాధిపతిగా ఉన్న ఫ్రాన్సిస్కో మిరాండా జూలై 25న లొంగుబాటు పత్రం మీద సంతకానికి ఒప్పుకున్నాడు. ఎదురుగా స్పానిష్ సైన్యం, వెనుక బానిసల తిరుగుబాటు. ఆస్తిపరుల ప్రభుత్వానికి ఆ రెంటిలో రెండోదే ఎక్కువ భయం పుట్టించిందని నేను అనుకుంటాను. ఇది ద్రోహమంటూ మిరాండాను రాత్రికి రాత్రి పట్టి బంధించినవాళ్లలో బొలీవార్ ఒకడు. ముసలాయన స్పానిష్ జైలులో 1816లో చనిపోయాడు.

లొంగుబాటు జరిగిన మరుసటి ఏడాది బొలీవార్ కొలంబియా వైపు నుంచి మెరుపులా వచ్చి కరాకస్ తిరిగి పట్టుకున్నాడు. దారిలో, 1813 జూన్ 15న త్రుహీయో పట్టణంలో, మరణ యుద్ధం ప్రకటించాడు. స్పెయిన్‌లోనో కెనరీ దీవుల్లోనో పుట్టినవాడు మనవైపు పనిచేయకపోతే, ఊరికే కూర్చున్నా చావే. అమెరికాలో పుట్టినవాడు తప్పు చేసినా ప్రాణభిక్ష. ఎంత కిరాతకమో అంత తెలివిగా ఆలోచించిన ప్రకటన అది. మనిషి ఎక్కడ పుట్టాడన్న గీత గీసి, ఆ గీతకు ఇటువైపు ఉన్న మంతువానోను, పార్దోను, బానిసను ఒకే జాతి అనిపించాలని ఆయన ప్రయత్నం. కానీ జనం మనసులో గీత అప్పటికే వేరేచోట ఉంది. ఒకవైపు భూమి ఉన్న తెల్లవాడు, మరోవైపు ఏమీ లేని నల్లవాడు.

ఆ గీతను కనిపెట్టినవాడు హోసే తోమాస్ బోవెస్. స్పెయిన్‌లోని ఒవియేదోలో 1782లో పుట్టాడు. ఓడలు నడిపే చదువు చదివి, దొంగరవాణా కేసులో దొరికి, యానోస్‌లోని కలబోసో ఊళ్లో గుర్రాల బేరం చేసుకుంటూ స్థిరపడ్డాడు. రిపబ్లిక్‌వాళ్లు అనుమానంతో జైల్లో వేసి అవమానిస్తే, రాజు సైన్యం వచ్చి విడిపించింది. అక్కడినుంచి ఆయన పగ పట్టాడు. యానెరోలతో కలిసి నేల మీద పడుకున్నాడు, వాళ్లు తిన్నదే తిన్నాడు, ఈటె పట్టి ముందు వరసలో ఉరికాడు. 1813 నవంబరు 1న గ్వాయబాల్‌లో చాటింపు వేయించాడు: ద్రోహుల ఆస్తి సైనికులకు పంచుతాం. ద్రోహి అంటే ఎవరో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆయన సైన్యంలో ఫాదర్‌గా తిరిగిన అంబ్రోసియో యమోసాస్ తర్వాత రాజుకే నివేదిక పంపాడు. తెల్లవాళ్లను తుదముట్టించి వాళ్ల ఆస్తి పార్దోలకు ఇస్తానని బోవెస్ బాహాటంగా చెప్పేవాడని, లొంగిపోయినవాళ్లనూ నరికించాడని ఆ నివేదిక సారాంశం. రాజు కోసం గెలుస్తున్న సైన్యాన్ని చూసి రాజు మనుషులే వణికిపోయారు.

1814 జూన్ 15న లా ప్వెర్తా దగ్గర బోవెస్ యానెరోలు బొలీవార్ సైన్యాన్ని తుడిచిపెట్టారు. జూలైలో కరాకస్ ఖాళీ అయింది. 20 వేల మంది దాకా, పల్లకీ దిగి ఎరగని ఆడవాళ్లు, పసిపిల్లలు, ముసలివాళ్లు వానలో, బురదలో కాలినడకన తూర్పుకు బయలుదేరారు. చాలామంది దారిలోనే ఆకలికి, జ్వరానికి పోయారు. ఆ డిసెంబరు 5న ఉరికా యుద్ధంలో బోవెస్ ఈటెపోటుకు చచ్చాడు. ఆ రోజూ గెలిచింది ఆయన సైన్యమే. బోవెస్ చేసిన హత్యలకు సమర్థన లేదు. ఆడవాళ్లను, పిల్లలను కూడా విడిచిపెట్టని సైన్యం అది. అయితే అతని వెనుక నడిచిన వేలమందిని ‘మూక’ అని తీసిపారేసిన చరిత్రకారులు, 1811 చట్టం చదివి ఆ మాట వాడి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత స్పెయినే తన గొయ్యి తవ్వుకుంది. రాజు మళ్లీ సింహాసనం ఎక్కి, 1815లో జనరల్ మొరియోను 10 వేలకు పైగా సైన్యంతో పంపాడు. మొరియో పద్ధతిగల సైనికుడు. బోవెస్ ఇచ్చిన హోదాలతో తిరుగుతున్న పార్దో అధికారులు ఆయన కంటికి ఆనలేదు. యానెరోలను ఇళ్లకు పొమ్మన్నాడు. పంచుతామన్న ఆస్తి పంచలేదు. గుర్రం, ఈటె, కడుపులో మంట, ఇవి మాత్రం మిగిలాయి వాళ్లకు.

బొలీవార్ అప్పటికి పారిపోయి జమైకాలో ఉన్నాడు. ఇంగ్లీషువాళ్లు సాయం చేయలేదు. హైతీ వెళ్లి, 1816 జనవరిలో అధ్యక్షుడు పెటియోన్‌ను కలిశాడు. బానిసల కొడుకులు, మనవలు కట్టిన ఆ పేద దేశం ఆయనకు తుపాకులు, మందుగుండు, తిండి, ఒక అచ్చుయంత్రం ఇచ్చింది. పెటియోన్ అడిగింది ఒక్కటే, నువ్వు అడుగుపెట్టిన ప్రతిచోటా బానిసలను విడిచిపెట్టాలని. తన పేరు బయటికి చెప్పవద్దన్నాడు. 1816 జూన్ 2న కరూపనోలో బొలీవార్ బానిస విముక్తి ప్రకటించాడు. అందులో మెలిక ఉంది. 14 నుంచి 60 ఏళ్ల లోపు మగవాడు 24 గంటల్లో సైన్యంలో చేరాలి. చేరనివాడు, వాడి పెళ్లాంపిల్లలు బానిసలుగానే ఉంటారు. ఆయన తన సొంత బానిసలను మాత్రం నిజంగానే వదిలాడు. పదేళ్లకు పనామాలో కొత్త దేశాల మహాసభ పెట్టినప్పుడు హైతీకి పిలుపు వెళ్లలేదు.

ఈలోగా పశ్చిమ మైదానాల్లో, అపూరే నది ప్రాంతంలో, యానెరోలకు కొత్త నాయకుడు దొరికాడు. హోసే అంతోనియో పాయెస్ పేదింటి పిల్లవాడు. పదిహేడేళ్ల ప్రాయంలో ఒక హత్య కేసు నుంచి పారిపోయి లా కల్సాదా అనే పశువుల దొడ్డిలో కూలికి కుదిరాడు. అక్కడి మేస్త్రి మాన్వెలోతే, తానే ఒక బానిస. పగలంతా పొగరు గుర్రాలను లొంగదీయించి, రాత్రి ఈ తెల్ల కుర్రాడితో తన కాళ్లు కడిగించుకుని, నిద్ర పట్టేదాకా ఊయల ఊపించుకునేవాడని పాయెస్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. చదవడం, రాయడం అంతంతమాత్రం. కానీ యానెరోకు ఏం కావాలో పాయెస్‌కు ఎవరూ చెప్పక్కరలేదు. అపూరేలో ప్రభుత్వపరమైన ఆస్తి అంతా సైనికులకే అని మాట ఇచ్చాడు. బోవెస్ దగ్గర ఈటె పట్టినవాళ్లు గుంపులుగా ఇటు వచ్చేశారు. మనుషులు వాళ్లే, కోరికా అదే. జెండా మారింది, అంతే.

1818 ఫిబ్రవరిలో బొలీవార్ సైన్యం అపూరే నది దాటాలి. పడవలు లేవు. పడవలు ఎక్కడ అని బొలీవార్ అడిగితే, అవిగో అని పాయెస్ ఎదురు ఒడ్డున ఉన్న శత్రువు పడవలు చూపించాడు. 50 మంది ఈటెగాళ్లను పిలిచాడు. వాళ్లు పట్టీలు ముందే వదులు చేసుకుని ఉన్నారు. ఒడ్డుకు వచ్చేసరికి జీనులు కింద పడేసి, బోడి గుర్రాలతో మొసళ్లున్న నదిలోకి దూకారు. ఫిరంగులు బిగించిన పడవల మీదకు గుర్రాల దళం ఈదుకుంటూ వస్తుందని ఎవరు ఊహిస్తారు? శత్రువులు తేరుకునే లోపే పడవలు పట్టుకున్నారు. కరాకస్ దొరబిడ్డ ఒడ్డున నిలబడి అంతా చూశాడు. ఏళ్ల తరబడి తనను ఓడించిన బలం ఎలాంటిదో ఆ రోజు దగ్గరగా కనబడింది.

అయినా పాత భయం పోలేదు. దాని ఖరీదు మాన్వెల్ పియార్ కట్టాడు. తల్లి కురసావ్ దీవికి చెందిన పార్దో స్త్రీ. 1817 ఏప్రిల్ 11న సాన్ ఫెలిక్స్‌లో గెలిచి గయానా ప్రాంతాన్ని, ఓరినోకో నదీమార్గాన్ని రిపబ్లిక్ చేతికి అందించినవాడు పియార్. బొలీవార్ మాట వినలేదు. పార్దోలను తెల్లవాళ్ల మీదకు రెచ్చగొడుతున్నాడని నేరం మోపారు. అక్టోబరు 16న అంగోస్తురాలో చర్చి గోడకు నిలబెట్టి కాల్చేశారు. అదే ఏడాది బొలీవార్ అధికారాన్ని ధిక్కరించిన మరిన్యో అనే జనరల్‌కు ఏమీ కాలేదు. మరిన్యో తెల్ల భూస్వామి. మహానాయకుడిగా బొలీవార్ మీద నాకు గౌరవం ఉంది. ఈ ఒక్క తీర్పు మాత్రం ఆ గౌరవంలో ముల్లులా మిగిలింది.

పియార్‌ను కాల్చడానికి ఆరు రోజుల ముందు బొలీవార్ ఒక చట్టం చేశాడు. శత్రువుల నుంచి జప్తు చేసిన ఆస్తులు సైన్యానికి పంచుతారు: సర్వసేనానికి 25 వేల పెసోలు, కల్నల్‌కు 10 వేలు, కెప్టెన్‌కు 6 వేలు, మామూలు సైనికుడికి 500. వాటాలు ఎంత తేడాగా ఉన్నా, కూలివాడికి భూమి అన్న మాట అధికారికంగా రాతలోకి ఎక్కింది. యుద్ధం ఆ మాట మీదే నడిచింది. 1821 జూన్ 24న కరబోబో మైదానంలో స్పెయిన్ ఓడింది.

భూమి మాత్రం రాలేదు. ముందు కాంగ్రెస్ చీటీలు ఇచ్చింది: ఇన్ని పెసోల ఆస్తికి హక్కుదారు అని. తోట ఏదో, హద్దులు ఏవో ఆ చీటీలో లేవు. ఆకలితో ఉన్న సైనికుడు చీటీని ఎన్నాళ్లు దాచుకుంటాడు? ముఖవిలువలో చిన్న వంతుకే అమ్ముకున్నాడు. కొన్నవాళ్లు వ్యాపారులు, పెద్ద అధికారులు. చీటీలు పోగేసి ఎస్టేట్లు విడిపించుకున్నారు. పాయెస్ దేశంలోకెల్లా పెద్ద భూస్వాముల్లో ఒకడయ్యాడు. మాన్వెలోతే కాళ్లు కడిగిన కుర్రవాడు మంతువానోల పక్కన కూర్చున్నాడు. వాళ్లు ఈసారి అభ్యంతరం చెప్పలేదు.

బానిసల సంగతి ఇంకా ఆలస్యమైంది. 1820లో సైన్యంలోకి బానిసలను ఎందుకు తీసుకుంటున్నానో వివరిస్తూ బొలీవార్ తన ఉపాధ్యక్షుడు శాంతందేర్‌కు ఉత్తరం రాశాడు. బానిసల విముక్తి కోసం స్వతంత్రులు మాత్రమే చావడం న్యాయమా అని ఒక వాదన. యుద్ధంలో పోరాడితే వాళ్లకు హక్కులూ వస్తాయి, ప్రమాదకరంగా ఉన్న వాళ్ల సంఖ్యా తగ్గుతుందని మరో వాదన. విముక్తి ప్రదాత అని పేరు పొందిన మనిషి రాసిన వాక్యం అది. 1821లో కూకుతా కాంగ్రెస్ ఇకమీదట బానిస తల్లికి పుట్టే బిడ్డలు స్వతంత్రులేనంది. కాకపోతే పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తల్లి యజమానికి ఊడిగం చేయాలి. 1830లో వెనెజువెలా విడిపోయి పాయెస్ అధ్యక్షుడయ్యాక ఆ వయసును 21కి పెంచారు. ఓటుకు మళ్లీ ఆస్తి అర్హత పెట్టారు.

చివరికి 1854 మార్చి 24న బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం ఇస్తామన్నది యజమానులకు. విడుదలైనవాళ్లకు భూమి లేదు, డబ్బు లేదు. అయిదేళ్లకు, 1859లో, అవే మైదానాల్లో మళ్లీ యుద్ధం మొదలైంది. నాలుగేళ్లు సాగిన ఆ ఫెడరల్ యుద్ధంలో ఎసెకియేల్ సమోరా అనే చిన్న వ్యాపారి వెనుక నడిచి ఆసాముల ఇళ్ల మీద పడినవాళ్లలో, ఆ చీటీలు అమ్ముకున్నవాళ్ల మనవలు ఉన్నారు.

వచ్చే భాగంలో మెక్సికో: ఇడాల్గో అనే పల్లెటూరి ఫాదర్ గంట కొట్టి కూలీలను పిలిచిన 1810 నుంచి, ఆ కూలీలను వేటాడిన సైనికాధికారి ఇతుర్బిదే 1821లో స్వాతంత్ర్యం తెచ్చేదాకా.